ఎరకమ్మ ఊపిరి

అనగనగా, సముద్రం ఇంకా ఇంత ఉప్పెక్కని రోజుల్లో, ఎప్పుడూ మంచు కమ్మే ఒక తీరాన జాలర్ల ఊరు ఉండేది. ఊఁ కొడుతూ వినండి. లేకపోతే ఆపేస్తాను.

ఆ ఊళ్లో ఎరకమ్మ అనే ముసలమ్మ ఉండేది. మగవాళ్లు పెద్దవల లాగుతుంటే, ఒడ్డుకొచ్చిన తాడును వెనక కూర్చుని చుట్టడం ఆమె పని. వల మహా బరువు. అందుకని గాసయ్య పాట ఎత్తుకుంటే, అందరూ "హైలెస్సా" అంటూ ఒక్కసారే లాగేవారు. గాసయ్య గొంతుకు అలలు కూడా ఆగి వినేవట.

తాడు పట్టేవాళ్లలో కొర్లయ్య ఒకడు. కొత్తగా పెళ్లయినవాడు. పాపం, నత్తి. ఒకనాడు గాసయ్యకు సరదా పుట్టి, పాట మధ్యలో అచ్చం కొర్లయ్యలాగే నత్తిగా పలికాడు. "హైలెస్సా" అన్నారు అందరూ. ఎరకమ్మ కూడా అంది. కొర్లయ్య కూడా నవ్వాడు.

రెండోనాడు మళ్లీ అదే పాట. "హైలెస్సా" అన్నారు అందరూ. ఎరకమ్మ కూడా అంది. కొర్లయ్య నవ్వలేదు. ఇంటికెళ్లి పెళ్లాంతో కూడా మాట్లాడలేదు. మీరూ ఊఁ కొట్టారు, విన్నాను.

మూడోనాడు పొద్దున్నే, మంచులో తెప్ప సర్దుకుంటూ కొర్లయ్య ఎరకమ్మ కంటబడ్డాడు.

"ఎక్కడికిరా నాయనా?"

"మా... మా... మాటలక్కర్లేని సోటికి, మామ్మా. ఈ వల లాగేసి ఎలిపోతాను."

ఎరకమ్మ లెక్క వేసుకుంది. గాసయ్యది ఒక్క నోరే. మిగతా నోళ్లు ఎవరివి? వాటిలో తనదీ ఉంది.

వల దగ్గర గాసయ్య మళ్లీ అదే నత్తి పాట ఎత్తాడు. ఎరకమ్మ లేచి వచ్చి, కొర్లయ్య పక్కన తాడు పట్టుకుంది. నోరు మాత్రం విప్పలేదు.

"ఏటే ముసిలీ, నోరు పడిపోనాదేటి?" అన్నాడు గాసయ్య.

"నా నోరు నాకే ఉన్నాదిరా. రెండ్రోజులు నీకిచ్చీసినాను. సిగ్గేస్తంది. ఇంకియ్యను."

"వల జారిపోతాది!"

"జారిపోనీ. మనిసి జారిపోతన్నాడు, సూడు!"

గాసయ్య మళ్లీ ఎత్తాడు. సగం మందే పలికారు. మూడోసారి ఎత్తాడు. ఎవరూ పలకలేదు. ఆ పాట మంచులోకి వెళ్లి, దారి తప్పి, తిరిగి రాలేదు. వల నిజంగానే జారింది. చేపలన్నీ తళతళలాడుతూ వెళ్లిపోయాయి. ఆ పూట ఊళ్లో ఎవరికీ కూర లేదు.

మళ్లీ వల వేశారు. "కొర్లా, నువ్వెత్తు" అంది ఎరకమ్మ.

"హై... హై... హై..." మాట చిక్కుకుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. సముద్రం కూడా ఊపిరి బిగబట్టింది. మాట బయటికొచ్చేదాకా అందరూ తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. వచ్చాక, గాసయ్యతో సహా, "హైలెస్సా" అన్నారు. ఆ సాయంత్రం కొర్లయ్య తెప్ప ఇసుక మీదే ఉంది.

ఎరకమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ తీరాన వల లాగేముందు ఒక్క క్షణం అందరూ మాట్లాడకుండా నిలబడతారు. దాన్ని ఎరకమ్మ ఊపిరి అంటారు. ఎవరైనా ఒకణ్ణి ఏడిపిస్తుంటే చూసి పక్కవాడు నవ్వబోయాడనుకోండి, చిన్నపిల్లలు కూడా అడిగేస్తారు:

"ఆ తాడు నువ్వూ లాగుతున్నావేటి?"