గెడ్డలో ముందు నడిచిన బుద్ర

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెబుతాను. కొడతారా? అయితే వినండి.

రోడ్డు ఇంకా కొండెక్కని కాలం. చక్రం అంటే కుమ్మరి సారె ఒక్కటే తెలిసిన కాలం. కుసుమగెడ్డ అనే కొండవాగు దాటితే కొండ నడుం మీద బొండిగుడ అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో బుద్ర అని ఒకడుండేవాడు. బుధవారం పుట్టాడు గనక బుద్ర. అతని పెళ్లాం గురువారం పుట్టింది గనక గురుబారి.

బుద్ర ఊరి పెద్ద కాదు, మంచీ చెడూ చూసి చెప్పే దిసారీ కాదు. కావిడి మోసుకునేవాడు. చింతపండు, అడ్డాకులు సంతకి దించేవాడు. ఉప్పు, ఎండుచేపలు పైకి తెచ్చేవాడు. అంతే.

అతనికో గుణముండేది. ఏదీ తొందరగా తేలేది కాదు. దారి రెండుగా చీలిన చోట కావిడి భుజాన పెట్టుకుని అలా నిలబడిపోయేవాడు.

"ఏటి బుద్రా, నిలబడిపోనావు?" అని అడిగేవారు వెనకవాళ్లు.

"నాకు తేల్లేదు," అనేవాడు బుద్ర.

ఊరంతా నవ్వేది. బుద్ర కూడా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నారో అదీ సరిగా తేలేది కాదు.

ఒక ఎండాకాలం గురుబారికి నొప్పులొచ్చాయి. పొద్దు పోయింది, పొద్దు పొడిచింది, బిడ్డ రాలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. దిసారి కోడిని కోశాడు. బుద్ర ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాడు. ఇంట్లో ఉండాలో వాకిట్లో ఉండాలో తేలక.

అప్పుడు గెడ్డలో రొద వినిపించింది. ఏనుగు కాదు, ఉరుమూ కాదు. లేత ఆకుపచ్చ రంగుది ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ, బండలెక్కి దిగుతూ ఊరి వైపు వస్తోంది. నెత్తిన గుడ్డ గుడారం. ముఖానికి ఇనప జల్లెడ. ఆ జల్లెడ వెనక రెండు కళ్లు, దగ్గర దగ్గరగా.

ఊరంతా అడవిలోకి పరుగు తీసింది. బుద్ర మాత్రం ఎటు పరిగెత్తాలో తేలక అక్కడే ఉండిపోయాడు. అలా ఉండిపోవడమే మంచిదైంది.

అది వచ్చి అతని ముందు ఆగింది. లోపల్నించి ఖాకీ చొక్కా మనిషి దిగాడు. కింద మైదానం నుంచి వచ్చిన డ్రైవరు జోగులు. అతని వెనక, కొండ ఊళ్లలో జబ్బులు చూడ్డానికి బయలుదేరిన ఆసుపత్రి డాక్టరమ్మ దిగింది.

"బాబూ, ఇదేటి?" అన్నాడు బుద్ర.

"ల్యాండ్ రోవరు," అన్నాడు జోగులు.

బుద్రకి అది 'లాండ్రో వారు' అని వినిపించింది. వారు అన్నారంటే ఎవరో పెద్దవారే అనుకున్నాడు. వెంటనే ఆ బండికే దణ్ణం పెట్టాడు.

"లాండ్రో వారూ! నా పెళ్లాం చచ్చిపోతోంది. మీరేటైనా చెయ్యగలరా?"

జోగులు నవ్వబోయాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఇంట్లోకి పరిగెత్తింది. కాసేపటికి గురుబారిని బండి వెనక భాగంలో గడ్డి పరుపు మీద పడుకోబెట్టారు. దారి లేని చోట దారి చేసుకుంటూ ఆ పచ్చది కొండ దిగింది. బుద్ర ఆ గడ్డి మీదే కూర్చుని పెళ్లాం తల పట్టుకున్నాడు. చెట్లెందుకు వెనక్కి పరిగెడుతున్నాయో అతనికి తేల్లేదు.

ఆసుపత్రిలో బిడ్డ పుట్టింది. తల్లి బతికింది.

బుద్ర బయటికొచ్చి బండి ముక్కు మీద చెయ్యి వేశాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"లాండ్రో వారూ, మీ రుణం నేను తీర్చలేను. కానీ కుసుమగెడ్డ మంచిది కాదు. దాని అడుగు ఏటేటా మారుతుంది. మీరు దాటేటప్పుడల్లా నేను ముందు నడుస్తాను. నా కాలు ఆనిన చోటే మీ కాలు పెట్టండి."

ఆ రోజు నుంచి అదే పని. బండి ఎప్పుడు వచ్చినా, కబురు అందగానే బుద్ర గెడ్డలో దిగేవాడు. చేతిలో వెదురు కర్ర. కర్రతో పొడిచి, కాలితో తడిమి, ముందు నడిచేవాడు. వెనకే వారు గుర్రుగుర్రుమంటూ వచ్చేవారు.

దాటాక బండ మీద కూర్చుని జోగులు చుట్ట కాల్చేవాడు. బుద్రకి కథలు చెప్పేవాడు.

"ఇంగ్లీషు దేశంలో పెద్ద యుద్ధం అయిపోనాదట. ఉన్న ఇనుమంతా ఫిరంగులు మింగేసినాయట. అప్పుడొక దొర సముద్రం ఒడ్డున ఇసకలో కర్రతో దీని బొమ్మ గీసినాడట. పొలం దున్నాలి, మనుషుల్ని మొయ్యాలి అన్నాడట. ఇనుము లేదు గదా, ఒళ్లంతా అల్యూమినియంతో చేసినారు. సైన్యం దగ్గర మిగిలిపోయిన ఆకుపచ్చ రంగు పూసినారు."

"మిగిలిపోయినవాటితోనా?"

"అవును. ఇంకోటి విను. మొట్టమొదటి దానికి స్టీరింగు నడిమధ్యన పెట్టినారట. కుడిపక్కనా ఎడంపక్కనా అని తేలక."

బుద్ర మెల్లిగా అడిగాడు. "అంతటి దొరలకి కూడా తేల్లేదా?"

"తేల్లేదు."

బుద్ర ఆ రోజు ఇంటికి నవ్వుకుంటూ పోయాడు.

ఏళ్లు గడిచాయి. ఒకసారి కబురొచ్చింది, బుద్ర గెడ్డకి పోయాడు. అవతలి ఒడ్డున ఉన్నది వారు కాదు. బుగ్గలు ఉబ్బాయి. గుడ్డ గుడారం పోయి రేకు కప్పు వచ్చింది. రంగు ముదిరింది. గొంతు కూడా మారింది, జలుబు చేసినట్టు గరగరమంటోంది. కళ్లు మాత్రం ఇంకా దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

"వారేరీ?" అని అరిచాడు బుద్ర.

"ముసలిదైపోనాది. షెడ్డులో పెట్టేసినారు. ఇది దాని తర్వాతది," అని జోగులు అటునుంచి కేకేశాడు.

"కొడుకా?"

"కొడుకే అనుకో!"

బుద్ర ఒడ్డు మీద నిలబడిపోయాడు. తండ్రికిచ్చిన మాట కొడుక్కి చెల్లుతుందా? గబగబా వెళ్లి దిసారిని అడిగాడు. దిసారి నక్షత్రాలు లెక్కపెట్టి, "తండ్రి పోయాడన్నది నిజమైతే చెల్లదు, పోలేదన్నది నిజమైతే చెల్లుతుంది," అన్నాడు. బుద్రకి ఇంకా తికమకైంది. ఇంటికెళ్లి గురుబారిని అడిగాడు. ఆవిడ రాగులు దంచుతోంది. రోకలి ఆపలేదు.

"గెడ్డ అదే కదా?"

"అదే."

"అయితే నడువు."

బుద్ర వెళ్లి నడిచాడు.

ఇంకా ఏళ్లు గడిచాయి. బుద్ర జుట్టు తెల్లబడింది. జోగులుకి పళ్లూడాయి. ఇంకోసారి కబురొచ్చింది. ఈసారి వచ్చినదాని ముఖం చూసి బుద్ర చేతిలో కర్ర జారిపోయింది. కళ్లు ముఖం మధ్యన లేవు. రెండూ అటొకటి ఇటొకటి భుజాల మీదికి వెళ్లిపోయాయి.

"జోగులూ! కళ్లకేటైనాది?"

"ఏ దేశంలోనో దీపాలు అంచులకుండాలని కట్టడి పెట్టినారట. అందుకని జరిపినారు."

"మనవడా?"

"మనవడే. కానీ చూడు, ఈ ఎడం తలుపు రెండోదానిది. దీని తలుపు బండకి కొట్టుకుని నలిగిపోనాది. పాతది తెచ్చి బిగిస్తే అచ్చంగా కూర్చున్నాది."

బుద్ర ఆ తలుపు తడిమాడు. ముఖం మనవడిది, చెయ్యి తండ్రిది. మరి తాను ఎవరి ముందు నడుస్తున్నట్టు? ఆ రాత్రి గురుబారితో అన్నాడు. "వారు పోతున్నారో, వస్తున్నారో, అసలు ఒకరేనో నాకు తేల్లేదే."

"నాకూ తేల్లేదు," అంది గురుబారి. "పడుకో."

ఆ ఏడు వానలు ముందే పట్టాయి. బొండిగుడలో పిల్లలకి వాంతులు మొదలయ్యాయి. డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సమ్మ బండిలో పైకి వచ్చింది. బాగా నీరసించిన పిల్లల్ని వెనక పడుకోబెట్టింది. తల్లులు పక్కన కూర్చున్నారు. "తొందరగా పోనీ, సెలైను కింద ఆసుపత్రిలో ఉంది," అంది.

పగలే. వాన తెరిపిచ్చింది. గెడ్డ మోకాలి లోతే ఉంది. బుద్ర కర్ర పట్టుకుని దిగాడు. జోగులు బండిని ఒడ్డు దాకా తెచ్చాడు.

బుద్ర సగం దాకా వెళ్లాడు. ఆగాడు. కర్రతో పొడిచాడు. ఎగువకి చూశాడు. మళ్లీ పొడిచాడు. వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.

"ఆగండి!"

"ఏటైనాది?" జోగులు తల బయటికి పెట్టాడు.

"నాకు తేల్లేదు."

"ఏటి తేల్లేదు? మోకాలి లోతే గదా!"

"రాయి ఉండాల్సిన చోట ఉంది. నీళ్లు ఉండాల్సినంతే ఉన్నాయి. కానీ నాకు తేల్లేదు."

లోపల ఒక పిల్ల మూలిగింది. నర్సమ్మ "పోనీ, పోనీ" అంది. జోగులుకి కోపం వచ్చింది. హారను కొట్టాడు. బుద్ర కదల్లేదు. రెండోసారి కొట్టాడు, కదల్లేదు. మూడోసారి కొట్టి, చెయ్యి తియ్యలేదు.

"ఇన్నేళ్లు దాటించినావు! ఇవాళేటి నీకు? పిల్లలు చచ్చిపోతారు, తప్పుకో!"

బుద్ర బండికేసి రెండు చేతులూ జోడించాడు. "లాండ్రో వారూ, కొంచెం ఉండండి. తేలనివ్వండి."

ఆ మాట హారను మోతలోనూ జోగులుకి వినబడింది. అదే ఆఖరి మాట.

ఎగువ కొండ మీద ఎక్కడో కురిసిన వాన అంతా ఒక్కసారి వచ్చిపడింది. ఎర్రటి నీళ్లు, దొర్లే బండలు, వేళ్లతో సహా చెట్లు. గెడ్డ ఒడ్డెక్కి బండి ముందు చక్రాల దాకా వచ్చి నాకింది. కళ్లు మూసి తెరిచేలోపు నడిమధ్యన మనిషి లేడు.

హారను మీద జోగులు చెయ్యి ఇంకా అలాగే ఉంది. నర్సమ్మే దాన్ని పక్కకి తీసింది.

ఊరంతా వచ్చింది. ఒడ్డు వెంట వెతికారు. కర్ర కూడా దొరకలేదు. నీరు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా తగ్గిపోయింది. పొద్దు వాలకముందే మళ్లీ మోకాలి లోతుకి వచ్చింది, ఏమీ జరగనట్టు.

జోగులు బండి దిగి బురదలో కూర్చుండిపోయాడు.

"నేను నడపలేను. నేను వాడిమీద హారను కొట్టినాను. నావల్ల కాదు."

గురుబారి అతని ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ ఇంకా ఏడవలేదు.

"వాడికి తెలిసి ఆగినాడా, తెలీక ఆగినాడా?" అని అడిగింది.

"నాకు తెలీదమ్మా."

"నాకూ తెలీదు. ఎవరికీ తెలీదు. పిల్లలు లోపలున్నారు. లే."

తడికలోంచి ఒక వెదురు పీకి, చీర మోకాళ్లపైకి దోపి గురుబారి గెడ్డలో దిగింది. మొగుణ్ణి మింగిన నీళ్లలో కర్రతో పొడిచింది, కాలితో తడిమింది, ముందు నడిచింది. ఆమె వెనకే, ఆమె కాలు ఆనిన చోటే చక్రం ఆనిస్తూ, కళ్లనీళ్లతో దారి కనపడక తుడుచుకుంటూ జోగులు నడిపాడు. అవతలి ఒడ్డెక్కాక ఆవిడ బండి దారిలోంచి పక్కకి తప్పుకుంది. అప్పుడు ఏడ్చింది.

పిల్లలందరూ బతికారు. వాళ్లలో ఒకత్తి మా అమ్మ.

ఆ తర్వాత జోగులు గెడ్డ దాటాల్సి వచ్చినప్పుడల్లా ఒడ్డున ఇంజను ఆపేసేవాడు. దిగి, చెప్పులు విడిచి, ఒకసారి అటు నడిచి, ఇటు నడిచి, అప్పుడు ఎక్కేవాడు. హారను తీగ ఊడదీసి పారేశాడు. మళ్లీ పెట్టించలేదు. బుద్ర ఆగింది ఎందుకని అడిగితే ఒకరోజు ఒకలా చెప్పేవాడు, ఇంకోరోజు ఇంకోలా. చివరికి చెప్పడం మానేశాడు.

బళ్లు ఇంకా మారాయి. కుదుపు తగలని మెత్తటి స్ప్రింగులవి వచ్చాయి. తెల్లవి వచ్చాయి. కొన్నాళ్లకి, పుట్టిన దేశంలోనే ఆ పాత పోలికది చెయ్యడం ఆపేశారని ఎవరో చెప్పారు. మా కొండల మీద ఇప్పుడు వేరే పేర్ల జీపులు తిరుగుతున్నాయి. గెడ్డ మీద వంతెన కూడా పడింది.

అయినా వెళ్లి చూడండి. వంతెన మొదట్లో ప్రతి బండీ ఆగుతుంది. ఇంజను ఆగుతుంది. కాసేపు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. కొత్తగా వచ్చినవాళ్లు, "ఎందుకు ఆపావు? దారి బాగానే ఉందిగా?" అని తొందరపడతారు. అప్పుడు డ్రైవరు, వాడు ఏ ఊరివాడైనా సరే, ఎగువకి ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఇదే చెబుతాడు.

"ఉండండి బాబూ. బుద్ర ముందున్నాడు."