గుగ్గిలం పూసుకున్న కప్ప

బోడికొండకి ఉత్తరాన గుగ్గిలం చెట్ల అడవి ఒకటి ఉంది. అందులో దుప్పులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు తిరిగేవి. ఈ కథకి వాటితో పెద్దగా పని లేదు, ఒక్క ఎలుగుబంటితో కొంచెం తప్ప. మన పని అడవి నడుమ ఉన్న మడుగుతో. ఆ మడుగులో చెంగయ్య అనే కప్ప, అతని చెల్లెలు చెమ్మి, ఒక ముసలి తాబేలు ఉండేవారు.

ఏటా వేసవిలో ఆ మడుగు ఎండిపోయేది. అప్పుడు కప్పలు బురదలో లోతుగా దిగి, తిండి మాని, తొలకరి దాకా కదలకుండా పడుకునేవి. తాతల నాటి పద్ధతి అది. అయితే పడుకున్నవన్నీ లేచేవి కావు. పోయిన వేసవిలో చెంగయ్య తల్లి లేవలేదు. వాన పడ్డాక అన్నాచెల్లెళ్లు తవ్వి చూస్తే ఎండుటాకులా ఉంది.

"అమ్మ ఒంట్లో నీరంతా చర్మంలోంచే పోయింది. నా నీరు ఒక్క చుక్క పోనివ్వను" అనుకున్నాడు చెంగయ్య. ఏడాదంతా అదే ఆలోచన.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఒక ఎలుగుబంటి గోళ్లతో గుగ్గిలం చెట్టు బెరడు చీల్చింది. గాయంలోంచి బంక కారింది. ఆ బంకలో ఒక ఆకు చిక్కుకుంది. చుట్టూ రాలిన ఆకులన్నీ ఎండి గలగలలాడుతున్నా, అది మాత్రం పచ్చగానే ఉంది. చెంగయ్య దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బంకలో పడి పొర్లాడు. ఆరేసరికి ఒళ్లంతా నున్నగా మెరిసింది.

"ఇదేం వేషంరా?" అన్నాడు తాబేలు తాత.

"నీకు డిప్ప ఉంది కదా తాతా. నేనూ ఒకటి చేసుకున్నాను."

"నా డిప్పకి ముందొక వాకిలి, వెనకొక వాకిలి ఉన్నాయి. నీ దానికి ఎక్కడున్నాయి?"

"వాకిలి ఉంటే నీరు పోదూ? ఆ ఆకు చూడు, ఎంత పచ్చగా ఉందో."

"పచ్చగా ఉన్నంత మాత్రాన బతికున్నట్టు కాదు" అన్నాడు తాబేలు. "నీ ఒళ్లు ఒక్క ముద్ద కాదు. కంటికి కనిపించని చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక కుంపటి వెలుగుతూ ఉంటుంది. దానికి గాలి అందాలి, దాని పొగ బయటికి పోవాలి. పైనున్నంత సేపు నీ ముక్కు కొంత పని చేస్తుంది. మట్టిలోకి దిగాక ఆ గాలి చర్మంలోంచే రావాలి."

ఇక్కడ కొంచెం ఆగుతాను. తాబేలు చెప్పిన గదుల్నే మన పుస్తకాలు కణాలు అంటాయి. చదువుకునే రోజుల్లో మేము ఉల్లిపొరని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసేవాళ్లం. ఇటుకలు పేర్చినట్టు గదులు, ఒక్కో గదిలో ఒక చుక్క. ఆ చుక్క కేంద్రకం, ఆ గదికి యజమాని లాంటిది. గది చుట్టూ పలచటి పొర ఉంటుంది. అది రాతిగోడ కాదు. కొన్నిటిని రానిస్తుంది, కొన్నిటిని పోనిస్తుంది. మా మాస్టారు, పాపం ఆయనకి ఉబ్బసం, ఈ పాఠం చెబుతూ మధ్యమధ్య ఊపిరి కోసం ఆగేవారు. సరే, కథలోకి వద్దాం.

చెంగయ్య నవ్వాడు. "నా ఒంట్లో కుంపట్లా? అందుకేనా తాతా ఇంత వేడి?"

చెమ్మి నవ్వలేదు. "అన్నయ్యా, ఇంకా కాస్త నీళ్లున్నాయి. గీకి కడిగేస్తాను, రా."

"నువ్వూ పూసుకోవే. అమ్మలా పోతావా?"

"అమ్మ పోయిన మాట నిజమే. కానీ మన వాళ్లు చాలామంది లేచారు కదా."

చెంగయ్య వినకుండా బురద వైపు గెంతాడు. అప్పటికే అతనికి తల తిరుగుతోంది. ఎండ వల్ల అనుకున్నాడు. బురదలోకి దిగుతూ, "తొలకరికి అందరికంటే ముందు లేచేది నేనే, చూస్తూ ఉండు" అన్నాడు. చెమ్మి అతని పక్కనే దిగింది. పైన బురద ఆరి, నెర్రెలు విచ్చింది.

తొలకరి ఆలస్యంగా వచ్చింది. చెమ్మి బక్కచిక్కి, ముడతలు పడిన చర్మంతో పైకి వచ్చింది. వానలో కూర్చుంటే చర్మం మెల్లగా నీరు తాగింది. ప్రాణం కుదుటపడగానే అన్నని పిలిచింది. అతను పైకి రాలేదు. పక్కన తవ్వింది.

చెంగయ్య నిండుగా, మెరుస్తూ ఉన్నాడు. ఒంట్లో నీరు ఎక్కడికీ పోలేదు. ఊపిరే లేదు.

తాబేలు వచ్చి చూశాడు. ఇద్దరూ కలిసి మట్టి కప్పారు.

ఆ సాయంత్రం మడుగంతా బెకబెకలతో నిండింది. చెమ్మి గొంతు కలపలేదు. కొన్నాళ్లకి నీటిలో గుడ్లు పెట్టింది. తెల్లటి జిగురులో నల్లటి చుక్కలు. ఒక్కో చుక్కా రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ పెరుగుతోంది.

"వీటికీ బంక ఉంది కదా తాతా" అంది చెమ్మి భయంగా.

"ఉంది. కానీ అది గాలిని రానిస్తుందమ్మా" అన్నాడు తాబేలు.

చెమ్మి గుడ్ల దగ్గరే కూర్చుంది, అవి కదిలేదాకా.

నీతి: ఉన్నది పోకూడదని వాకిళ్లన్నీ మూసుకుంటే, రావలసిన ఊపిరి కూడా బయటే ఆగిపోతుంది.