ఆవమునకును నావకును మాట ఇచ్చిన మాచమ కథ

శ్రీ రేవుగౌరీ దేవికి నమస్కరించి, చేత అక్షతలు పట్టుకొని, పిల్లలు కూడ అల్లరి మాని కూర్చుండి ఈ కథను వినవలయును.

గౌతమీ నది సముద్రమున కలియు చోట ఔర్వ మహాముని తపము చేయుచుండెను. ఒకనాడు దాల్భ్య మహాముని ఆయన ఆశ్రమమునకు వచ్చి, అర్ఘ్యపాద్యములందుకొని, కుశలప్రశ్నలైన పిమ్మట తన సందేహమును తెలిపెను. లోకమున కొందరికి కూడు పెట్టు పని యొకటియు, మనసు లాగు పని వేరొకటియు ఉండును. ఒకదానిని పట్టుకొనగా రెండవది జారిపోవును. అట్టివారు రెంటికిని చెడకుండ బ్రతుకు వ్రతమేదైన కలదా యని ఆయన అడిగెను.

ఔర్వుడు సంతసించి, పూర్వము పెంకులు చేయు ఇల్లాలొకతె ఆచరించి తరించిన రేవుగౌరీ వ్రతము కలదనియు, దానిని సావధానముగా వినుమనియు పలికి, ఇట్లు చెప్పసాగెను.

గౌతమీ తీరమున కడలిపాడను రేవు కలదు. అందు కుమ్మరుల వీధిలో మాచమ యనునామె ఉండెను. తండ్రికి మగసంతు లేకపోవుటచే, పెంకులు కాల్చెడి ఆవమును, నది నడుమ లంకలోని మట్టిగుంటయు ఆమెకే సంక్రమించినవి. భర్త కొమ్మన ఇల్లరికము వచ్చినవాడు, మిక్కిలి సాధువు. భార్య మాటకు ఎదురు చెప్పవలెనని అతనికి అప్పుడప్పుడు తోచెడిది గాని, తోచునప్పటికి ఆమె గడప దాటి యుండెడిది.

పని దగ్గర మాచమకు సాటి లేదు. లంకమట్టిని మూడు మారులు తొక్కించి, పలుచగా పరచి, కొయ్య అచ్చుపై వంచి, తడి ఆరకముందే ప్రతి పెంకు కొసను తన బొటనవ్రేలి గుర్తు వేసెడిది. ఆ గుర్తున్న కప్పు క్రింద ఎవరును వానకు గిన్నెలు పెట్టుకొని ఎరుగరు. ఆ మాట నలుగురును అనుచుండగా విని ఆమె పైట సవరించుకొని తలయెత్తి నడచెడిది. నడవదా మరి! ఊరి నెత్తిన నీడగా నిలిచినది ఆమె చేయి.

మట్టి తెచ్చుటకు తండ్రి చేయించిన నావ యొకటి ఉండెను. చిన్ననాడే మట్టికుప్ప మీద కూర్చుండి తండ్రితో పోయి పోయి ఆమెకు తెరచాప పిచ్చి పట్టెను. గాలి చాపలో నిండి, చుక్కాని చేతిక్రింద బరువెక్కునప్పుడు కలుగు సంతోషము ఆమెకు ఏ పండుగనాడును కలుగలేదు.

ఒక వైశాఖమున మాచమ ఆవము పేర్చి తెల్లవారుజామున నిప్పు పెట్టెను. ఆవమునకు మొదట సన్నని సెగ కావలెను, పెంకులలోని తడి ఆవిరియై పోయిన పిమ్మటగాని పెద్దమంట తగదు. ఆ సమయము కనిపెట్టుట ఆమెకే తెలియును. మధ్యాహ్నమునకు నదిపై చక్కని గాలి లేచెను. ఆమె ప్రాణము కొట్టుకొనెను. ఇప్పుడే వత్తునని గొణిగి, ఎక్కడికని కొమ్మన అడుగులోపల రేవు చేరి చాప ఎత్తెను. గాలి ఆమెను సంగమము దాకా తీసికొనిపోయెను. ఇచట కొమ్మన ఎవరినడుగవలెనో తెలియక తాటికమ్మలు కుప్పలుగా ఎగద్రోసెను. ఆమె తిరిగివచ్చి చూడగా అడుగు పెంకులు కరిగి అంటుకొనిపోయినవి, పైపెంకులు పచ్చిగానే ఉండినవి.

అంతటితో పోయినను పోవును. కాని మాచమ తన తప్పు బయటపడునని సిగ్గుపడి, ఆ పచ్చి పెంకులను మంచివానితో కలిపి, ఊరి పెద్దయగు పేరయ్య గాదె కప్పునకు పంపెను. ఆమె బొటనవ్రేలి గుర్తు చూచి ఎవరును తట్టి చూడలేదు. తొలకరి వానకు ఆ పెంకులు నాని విరిగెను. ఎర్రనీరు కారి విత్తనపు వడ్లు మొలకలెత్తెను. పెద్దలు కూడి, ఏడాది గడువిచ్చిరి. మరుసటి ఏటి ఆషాఢములోగా ఊరి సత్రమును ఆమె తన పెంకులతో కప్పవలెననియు, ఆ కప్పు క్రింద కూర్చుండి తామే పరీక్షింతుమనియు, ఒక్క చుక్క రాలినను మట్టిగుంట వేరొక ఇంటికి పోవుననియు తీర్పు చెప్పిరి. తాతతండ్రులు త్రవ్విన గుంట తనతో పోవునాయని మాచమ కుళ్ళి కుళ్ళి ఏడ్చెను.

ఏడ్చి ఏమి చేసెను? ఇంకొక తప్పు చేసెను. నావ వలననే చెడితినని తలచి, ఇక ఎక్కనని ఒట్టు పెట్టుకొని, దానిని గట్టుపైకి లాగించి, తెరచాపను కోసి మట్టికి కప్పెను. మట్టిని పరుల పడవలపై తెప్పించుకొనుచు, రేయింబవళ్ళు ఆవము దగ్గరనే కూర్చుండెను. కూర్చుండెనే గాని చేతిలో పూర్వపు నేర్పు లేదు. కొమ్మన మంచినీళ్ళు తెచ్చినను కసరెడిది. పెంకులు మందముగా, వంకరగా దిగెను. నీటిమీద తిరుగునాళ్ళలో గాలి మళ్ళుట చెంపకు సోకగానే పసిగట్టి ఆవపు నోరు మూసెడి మనిషి, ఇప్పుడు పొగలో తల వంచుకొని కూర్చుండి, తూరుపుగాలి తిరిగినది కూడ ఎరుగకపోయెను. మంట ఒక ప్రక్కకు ఎగిసి ఆవములోని పెంకులన్నియు పగిలెను. గట్టుపై నావ ఎండి పలకలు విచ్చెను.

అప్పుడు రేవుగౌరి జాలిపడి, ముదుసలి రూపమున వచ్చి, తన్ను ఆవలి ఒడ్డుకు దాటింపుమని అడిగెను. నావ నీటికి పనికిరాదని మాచమ ముఖము త్రిప్పుకొనెను. ముసలిది కదలక ఆ ఎండిన పలకలను నిమిరి ఇట్లనెను.

"అప్పుడు ఆవాన్ని వదిలేసి పడవెక్కావు, ఆవం చెడింది. ఇప్పుడు పడవనొదిలేసి ఆవం కాడ కూకున్నావు, రెండూ చెడ్డాయి. ఇద్దరు బిడ్డల తల్లిలాంటిదానివి, ఒకదానికి తెలీకుండా ఇంకోదాని కాడికి దొంగచాటుగా పోతావేంటమ్మా? ఎప్పుడొత్తావో చెప్పి ఎళ్ళు. చెప్పిన ఏళకి రా. నిన్నెవరూ తప్పు పట్టరు."

మాచమ కండ్లలో నీరు దిరిగెను. ఆమె కాళ్ళపై పడగా, ముసలిది వ్రతవిధానము నుపదేశించి, తడిలేని ఇసుకపై తడి అడుగులు విడిచి అదృశ్యమయ్యెను.

మాచమ మొదట పేరయ్య ఇంటికి పోయి జరిగినదంతయు ఒప్పుకొని, గాదెపై పచ్చి పెంకులను తన చేతులతో దించి, పూర్వము కాల్చి ఇంట దాచిన మంచివి కప్పెను. పిమ్మట శుక్రవారమునాడు తలంటుకొని, కాల్చని పెంకునొకదానిని పసుపు కుంకుమలతో అలంకరించి, నదినీరు గల పళ్ళెరమున నిలిపి, అందు గౌరిని ఆవాహనము చేసి పూజించెను. అటుకులు, బెల్లము, కొబ్బరి నివేదించి, తోరమును కుడిచేతికి కట్టుకొనెను. నావ పలకలు బిగింపించి, కొత్త తెరచాప కుట్టించి, మరల నీటికి దింపెను. ఆవము వెలిగించునాడు రేవునకు పోయి, నీయొద్దకు ఫలానానాడు వత్తునని నావకు చెప్పెను. నావ ఎక్కునాడు ఆవము ముందు నిలిచి, ఫలానా వేళకు వత్తునని చెప్పెను. చెప్పిన వేళ ఒకనాడును తప్పలేదు. సగము నదిలో గాలి ఎంత ఊరించినను చుక్కాని త్రిప్పెను. పెంకులు తట్టిన ఖంగుమని మ్రోగెను. చుట్టుప్రక్కల రేవులనుండి పెంకులకై జనము వచ్చిరి. కొమ్మనకు సెగ చూచుట నేర్పగా, అతడును మెల్లగా గట్టివాడయ్యెను.

ఆషాఢము వచ్చెను. సత్రమునకు కొత్తగా కప్పిన పెంకులన్నియు మాచమవే. పెద్దలు ఏకాదశినాడు ఉదయము వత్తుమని కబురంపిరి. ఆ ఉదయమే వత్తునని మాచమ నావకు మాట ఇచ్చియుండెను. మట్టిగుంట పోవునేమోయని కొమ్మన భయపడి, ఈ ఒక్కనాటికి ఆగుమని చేతులు పట్టుకొని బ్రతిమాలెను. మాచమకును ఆ భయము లేకపోలేదు. అయినను ఇట్లనెను.

"వాన ఆపాల్సింది పెంకులు, నేను కాదు. నేను పక్కన నించున్నంత మాత్రాన కారే పెంకు కారకుండా ఉంటదా? సెయ్యాల్సిందంతా సేశాను. దీపాలేళకి వత్తానని ఆవానికి చెప్పాను, పెద్దలకీ అదే చెప్పు."

అట్లు చెప్పి చాప ఎత్తి పోయెను. పెద్దలు వచ్చి, అది విని, సత్రము కప్పు క్రింద కూర్చుండిరి. ఇంతలో కుండపోతగా వాన దిగెను. పేరయ్య తన తెల్లని ఉత్తరీయమును నేలపై పరచి, ఎర్రచుక్కకై కాచుకొని కూర్చుండెను. చోటు మార్చెను, మరల మార్చెను. మూలమూలకు జరిపి చూచెను. సాయంకాలము దాకా వాన కురిసినను ఉత్తరీయమున మరక లేదు.

దీపములు వెలిగించు వేళకు, వాన తెరలోనుండి నిండు చాపతో నావ వచ్చెను. పేరయ్య ఎవరు వారించినను వినక వానలోనే రేవునకు దిగి, ఆమె విసరిన మోకును తానే అందుకొని గుంజకు కట్టెను.

"పొద్దుటి నుంచీ నీ పెంకుల కింద నా బట్ట తడవలేదమ్మా. నిన్ను చూడ్డానికొచ్చి తడిసింది. మట్టిగుంట మీ ఇంటిదే" అనెను.

మాచమ నమస్కరించెను గాని తల వంచలేదు. ఆ గర్వము తనకిష్టమేయని గౌరీదేవి పలికినట్లు పెద్దలు చెప్పుదురు.

కావున ఓ దాల్భ్యా, కుమ్మరులు, సాలెలు, ఓడవారు, పొలమును పాటను సమముగా ప్రేమించువారు, వంటింటిలో నుండి మనసు వేరొకచోట పెట్టుకొన్న స్త్రీలు, భార్యకు చెప్పక తిరుగు పురుషులును ఈ వ్రతమాచరింపవలయును. ఆచరించిన చేతిపని నిలుచును, పోయిన పేరు తిరిగి వచ్చును, ఇంట ఎవరును ఎవరికిని దాగి తిరుగరు.

ఈ కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొని, తాము మనసున దాచుకొన్న ఇష్టమును ఇంటివారి యెదుట పైకి చెప్పవలయును. అప్పుడుగాని వ్రతము ముగియదు. కథ చదివినవారే మొదట చెప్పవలయును.