యముడి వాకిట్లో నూనె కొట్టు

అనగనగా, దిక్కులకు కూడా మంచీచెడూ అంటగట్టే రోజుల్లో, సిరికోట అనే నగరం ఉండేది.

ఆ నగరం రాజు నడిబజారులో నాలుగు కొట్లు కట్టించాడు. తూర్పు ముఖం కొట్టుకు ఇంద్రుడు, పడమటి కొట్టుకు వరుణుడు, ఉత్తరపు కొట్టుకు కుబేరుడు దిక్పాలకులని జనం మురిసిపోయారు. దక్షిణపు కొట్టు వైపు మాత్రం ఎవరూ తొంగి చూడలేదు. అది యముడి దిక్కు మరి.

నూనె వర్తకుడు ధనగుప్తుడు అందరికంటే ముందు పరుగెత్తి కుబేరుడి కొట్టు పట్టేశాడు. అందరూ వద్దన్న దక్షిణపు కొట్టు మల్లాంబకు దక్కింది. ఆ ముసలమ్మకున్నదల్లా ఒక గానుగ, ఒక ఎద్దు. దీపావళి నాటికి బేరం లేని కొట్టు ఖాళీ చేయాలని రాజాజ్ఞ. అదే జరిగితే ఆమెకు గంజి, ఎద్దుకు గడ్డి రెండూ కరువే.

“యముడి వాకిట్లో నూనె ఎవరు కొంటారు అవ్వా?” అని నవ్వాడు ధనగుప్తుడు.

“ఆయనే కదా నాయనా ధర్మరాజు. ఆయన చూస్తున్నాడనుకునే కొలుస్తాను” అంది మల్లాంబ.

సోల నిండా కొలిచి, పైన కొసరు పోసేది. ధనగుప్తుడు మాత్రం సోలలో బొటనవేలు ముంచి కొలిచేవాడు. వేలు ఎంత లావో నూనె అంత తగ్గేది. ఇంటికి పోయి చూసుకున్న ఇల్లాళ్లు నోరు మూసుకుంటారా? నెల తిరిగేసరికి జనమంతా యముడి వాకిట్లోనే ఉన్నారు.

ధనగుప్తుడికి కడుపు మండిపోయింది. ఇదంతా దక్షిణం మహిమేననుకుని, రాజును బతిమాలి కొట్లు మార్పించుకున్నాడు. జనం మల్లాంబ వెంటే ఉత్తరానికి నడిచారు. తరువాత తూర్పు కొట్టులో పసుపు అమ్మే ఆయన్ని ఒప్పించి, తన కొట్టు ఆయనకిచ్చి ఇంద్రుడి కొట్టులో చేరాడు. అక్కడ ఈగలు తోలుకోవడమే మిగిలింది.

దీపావళి రానే వచ్చింది. రాజు బజారుకు వచ్చాడు. ధనగుప్తుడు చేతులు జోడించాడు.

“ప్రభూ, కుబేరుడు, యముడు, ఇంద్రుడు ముగ్గురూ నన్ను చిన్నచూపు చూశారు. వరుణుడి కొట్టయినా ఇప్పించండి.”

“సరే. ముందు కోట దీపాలకు ఒక సోల నూనె కొలువు” అన్నాడు రాజు.

అలవాటు పడ్డ బొటనవేలు రాజు ముందు కూడా ఆగలేదు. గబుక్కున సోలలో మునిగింది.

రాజు ఆ వేలి వంక చూశాడు. “దిక్పాలకుల తప్పేమీ లేదయ్యా. నువ్వు మార్చవలసింది కొట్టు కాదు, తీయవలసింది ఆ వేలు” అన్నాడు.

బజారంతా గొల్లున నవ్వింది. ధనగుప్తుడు తల దించుకుని కొట్టు ఖాళీ చేశాడు. కోట దీపాలకు నూనె పోసే గౌరవం మల్లాంబకు దక్కింది. ఆ సాయంత్రం ఆమె ఎద్దు మెడలో కొత్త గంటలతో వీధులన్నీ ఊరేగింది. ఎనిమిది దిక్కులా వెలిగిన దీపాల్లో ఆమె గానుగ నూనే ఉంది. ఇన్నాళ్లకు తన కష్టం ఫలించిందని మల్లాంబ కళ్లు తుడుచుకుని నవ్వింది.

కాబట్టి పిల్లలూ, న్యాయంగా బతికేవారికి ఏ దిక్కయినా మంచిదే.