నాన్న చూపు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక కోర్టు, ఆ కోర్టులో ఒక పిల్లల గది. గోడల నిండా ఏనుగులు, కుందేళ్ళ బొమ్మలు. కానీ ఆ గదికి ఎవరూ ఆడుకోవడానికి వచ్చేవారు కాదు, బంగారం. అమ్మానాన్నలు విడిపోయిన పిల్లలు, ఇంట్లో లేనివాళ్ళని చూడ్డానికి వచ్చేవారు.

అలా వచ్చేది తారిణి అని ఓ ఆరేళ్ళ పిల్ల. అమ్మ స్వరూప, నాన్న వీరభద్రం. ఇద్దరికీ పొసగలేదు. తప్పెవరిదంటే ఆ ఊళ్ళో ఇప్పటికీ తలో మాటా చెబుతారు. పిల్ల అమ్మ దగ్గర ఉండాలి, శనివారం శనివారం పిల్లల గదిలో నాన్న వచ్చి చూసుకోవచ్చు అని జడ్జమ్మగారు తీర్పిచ్చారు.

వీరభద్రం గేట్లకీ, కిటికీ గ్రిల్స్‌కీ వెల్డింగ్ చేసేవాడు. శనివారం పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో నేరేడుపళ్ళు పోసుకుని వచ్చేవాడు. చొక్కా జేబంతా మరకలే.

"ఏమే కోతీ, నాలిక చూపించు," అనేవాడు.

"నువ్వే కోతివి. నీది ఇంకా నల్లగా ఉంది," అనేది తారిణి.

ఆ తర్వాత గంటసేపూ పిల్లని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చునేవాడు. వారానికి సరిపడా చూసుకోవాలి కదా మరి.

అప్పుడు తారిణి ఇంటికి వచ్చేది. వాళ్ళ అమ్మమ్మ మాణిక్యమ్మ గుమ్మంలోనే ఆపేసేది. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని పిల్ల చుట్టూ తిప్పేది. తిప్పి కుంపట్లో పడేసేది. ఉప్పు చిటపటలాడేది.

"చూడవే, ఎలా పేలుతోందో! అన్నీ మీ నాన్న కళ్ళే. పిల్లని మింగేసేలా చూస్తాడు. మండనీ ఆ కళ్ళు!"

మాణిక్యమ్మ చెడ్డమనిషి కాదు. కూతురు ఏడ్చిన ఏడుపంతా చూసింది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుంపట్లో వేసేది. తారిణి మాత్రం ఆ నిప్పుల్లోకే చూస్తూ నిలబడేది.

ఒక శనివారం వీరభద్రం ఎర్రగా వాచిన కళ్ళతో వచ్చాడు. నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైంది నాన్నా?"

"మంట తల్లీ. తెరవలేకపోతున్నా."

వెల్డింగ్ వెలుగు తగిలితే అంతే, బంగారం. కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. ఆ సంగతి ఆయన పిల్లకి చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

తారిణేమో, తనని చూస్తున్నందుకే నాన్న కళ్ళు కాలిపోతున్నాయి అనుకుంది. అమ్మమ్మతో అంటే అమ్మమ్మకి కోపం, అమ్మతో అంటే అమ్మకి ఏడుపు. అందుకని తనే ఒక ఉపాయం ఆలోచించింది. నాన్న తనని చూడకపోతే సరి.

తర్వాతి శనివారం రెండు చేతులతో ముఖం కప్పుకుంది. దాగుడుమూతలనుకుని నాన్న నవ్వాడు. ఆ పై శనివారం గోడవైపు తిరిగి కూర్చుంది. నాన్న నవ్వలేదు. మూడో శనివారం బల్ల కిందికి దూరిపోయింది. నాన్న వంగి చూడబోయేసరికి, "చూడకు! చూడకు!" అని గది అదిరేలా అరిచింది.

గదిలో కుర్చీ వేసుకుని కూర్చునే కౌన్సెలరమ్మ అదంతా చూసింది. తండ్రంటే పిల్ల హడలిపోతోందని జడ్జమ్మగారికి చెప్పింది. ఆవిడదీ తప్పనలేం. నిజంగా దెబ్బలు తిన్న పిల్లలూ అలాగే బల్ల కింద దూరుతారు. ఆవిడ అలాంటివాళ్ళని చూసింది.

అప్పుడు జడ్జమ్మగారు శనివారాలు ఆపేశారు. సంగతేమిటో తేలేదాకా తండ్రి పిల్లకి కనబడకూడదన్నారు.

"నేనేం చేశానండీ?" అని వీరభద్రం కనబడినవాళ్ళందరినీ అడిగాడు.

స్వరూప కూడా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "కొట్టాడా? గిల్లాడా? చెప్పమ్మా," అని అడిగింది. తారిణి తల అడ్డంగా ఊపింది. స్వరూప నమ్మలేదు.

శనివారాలు పోయినా తారిణి ఏడవలేదు. వేళకి అన్నం తింది. "చూశారా, పిల్ల ఎంత తేటపడిందో," అన్నారు చుట్టాలు. నాన్న కళ్ళమంట తగ్గుతుంటుందని దాని సంతోషం, బంగారం. దానికోసమే నాన్నని వదులుకుంది.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఆ తర్వాత ఒకరోజు జడ్జమ్మగారు తారిణిని తన గదిలోకి పిలిపించుకుని, మిగతావాళ్ళని బయటికి పంపేశారు.

"నాన్న కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా?"

"కోతీ అన్నాడు. నేనూ అన్నాను."

"మరి ఎందుకమ్మా ముఖం దాచుకున్నావు?"

తారిణి తలుపు వైపు చూసింది. అక్కడ అమ్మమ్మ లేదు.

"నన్ను చూస్తే నాన్న కళ్ళు మా కుంపట్లో కాలిపోతాయి. ఇప్పుడు తగ్గాయా అండీ?"

జడ్జమ్మగారు నాన్న కళ్ళకేం కాదని పిల్లకి చెప్పి, మాణిక్యమ్మని పిలిపించారు.

"పిల్ల బాగు కోసమే తీశానమ్మా," అంది మాణిక్యమ్మ. అంటూనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దిష్టి తీసుకోండి, ఎవరొద్దన్నారు? ఎవరి పేరూ పెట్టి మాత్రం తీయకండి," అన్నారు జడ్జమ్మగారు.

శనివారాలు తిరిగి వచ్చాయి. అమ్మానాన్నలు కలవలేదు. అది వేరే సంగతి.

తారిణి పిల్లల గదిలోకి పరుగెత్తింది. వీరభద్రం గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా ఆయనకి చెప్పారు. ఆయనా విన్నాడు. అయినా పిల్ల పెట్టిన ఆ కేక చెవుల్లోంచి పోలేదు.

"నాన్నా, ఇటు చూడు."

"నువ్వు చెప్పు తల్లీ. వింటున్నాగా."

అప్పుడు తారిణి బళ్ళోకి వచ్చిన కొత్త టీచరు సంగతి నాన్న వీపుకి చెప్పింది. పన్ను ఊడిన సంగతి చెప్పింది. చెప్పి చెప్పి, చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"తెరువు నాన్నా. ఏం కాదట. జడ్జమ్మగారు చెప్పారు."

రెప్పలు వణికాయి గానీ తెరుచుకోలేదు. తారిణి నాన్న వేలు పట్టుకుని, పన్ను ఊడిన చోట పెట్టింది. ఆయన మెల్లగా తడిమి చూశాడు. అంతలో టైమైందని కౌన్సెలరమ్మ లేచింది.

తరువాతైనా తెరిచాడా అంటావా? తెరిచాడమ్మా. చాలా శనివారాలకి తెరిచాడు. అప్పటికి అక్కడ కొత్త పన్ను వచ్చేసింది.

కథ నడిచె కంచికి,
కునుకు వాలె కంటికి,
శనివారం నాన్నకి,
మిగతా వారం అమ్మకి,
మనమేమో ఇంటికి.