కుండెక్కిన తల్లికి గంజి అభిషేకం

గోదావరి సముద్రంలో కలిసే చోట, రెండు పాయల మధ్య ఉన్న చెంగలిలంకలో శ్రీ కుండెక్కిన తల్లి వెలసి ఉన్నది. ఎగువపేట రేవులో పడవ దిగి, కొబ్బరితోటల వెంట నడిచి, మధ్యపాయ మీది వంతెన దాటితే దిగువపేట వస్తుంది. ఇక నేల లేదన్న చోట అమ్మవారి గుడి ఉంటుంది. గర్భగుడిలోకి తొంగిచూసిన కొత్త యాత్రికులు కాస్త తికమక పడతారు. అక్కడ పీఠం లేదు, తోరణం లేదు. మూడు రాళ్ల పొయ్యి, దాని మీద ఒక మట్టికుండ ఉంటాయి. ఆ మూడింటిలో ఎడమవైపున మసిబారి ఉన్న రాయే అమ్మవారు. "విగ్రహం ఏదండీ?" అని పూజారిని అడిగి నాలుక కరుచుకోని వాళ్లు తక్కువ.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, వంతెనా లేదు. ఎగువపేట రేవులో పడవ నడిపే హక్కు బుల్లెమ్మ అనే ఆవిడది. భర్త పోయాక తెడ్డు తానే పట్టింది. నోరు పెద్దదే కాని ఎవరికీ ఎక్కువ తక్కువలు చేయదని ఆమెకు లంకలో పేరు. ఒక్కగానొక్క కూతురు వరహాలును మధ్యపాయ అవతల దిగువపేటకే ఇచ్చింది. కేకేస్తే పలికేంత దూరంలో అల్లుడు దొరికాడని మురిసిపోయింది. లంకలో అప్పటికీ ఇప్పటికీ "అన్నం వండుకున్నారా" అని అడగరు, "కుండెక్కిందా" అంటారు. తల్లీ కూతుళ్లు ఒడ్డున ఎదురుపడ్డా, నీటి మీదుగా కేకేసుకున్నా ముందు వచ్చే మాట అదే.

ఒక కార్తీకంలో పెద్ద గాలివాన పుట్టింది. దాని వెనుకే ఉప్పెన వచ్చింది. జనం ఇసుకదిబ్బలెక్కి ప్రాణాలైతే దక్కించుకున్నారు గాని, ఇళ్లకు కప్పులు మిగల్లేదు, గాదెల్లో గింజ మిగల్లేదు. మధ్యపాయ ఒడ్లు కోసుకుని వెడల్పై, మనిషి దాటలేనంత వడిగా పారసాగింది.

గాలి తెరిపి ఇవ్వగానే గోదావరి అవతలి ఒడ్డు ఊళ్లవాళ్లు బియ్యం, బెల్లం, మంచినీళ్లు, తాటాకులు పడవలకెత్తి పంపారు. వాళ్ల చల్లని మనసుకు లంక ఈనాటికీ దండం పెడుతుంది. అయితే వచ్చిన సాయమంతా రేవు దాటలేదు. రేవు పక్కనున్న వాడికి రెండుసార్లు అందింది, సిగ్గుపడి వెనక నిలబడ్డవాడికి ఒక్కసారీ అందలేదు. లోపలి పేటల సంగతి అడిగే దిక్కు లేదు. పెద్దలు తలలు పట్టుకుని, చివరికి "బుల్లెమ్మా, నువ్వే పంచు" అన్నారు.

బుల్లెమ్మ అన్నిటికంటే ఎత్తైన దిబ్బ ఎక్కి నాలుగు దిక్కులా చూసింది. పొగ లేస్తే పొయ్యి వెలిగినట్టు, పొయ్యి వెలిగితే కుండెక్కినట్టు. లంకలో పుట్టిన వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. అందుకని పొగ లేవని పేటకు ముందు దోనె పంపించింది, పొగ కనిపించిన పేటను ఆగమంది. ఆ ఏర్పాటు చక్కగా సాగింది. ఒక్కో పేట మీదా పొగ లేస్తుంటే రేవులో జనం తేలికగా ఊపిరి పీల్చుకున్నారు.

దిగువపేట వైపు మాత్రం మొదటినుంచీ పొగ కనబడుతూనే ఉన్నది. బుల్లెమ్మ తమ్ముడు కొల్లయ్యకు మనసు ఊరుకోలేదు.

"అక్కా, వరహాలుకి నెలలు నిండినియ్యి గదే. ఓ దోనె అటు తోలుకెళ్లనా?"

"పొగ లేత్తంది గదరా. తిండున్నోళ్లకి ముందు పంపితే కూతురని పంపిందంటారు. రేపీ రేవులో నా మాటెవడింటాడు?"

పైకి అలా అన్నది గాని, ఆమె ప్రాణమంతా ఆ పాయ అవతలే ఉన్నది. నలుగురి నోళ్లకు జడిసి కడుపున పుట్టినదాన్ని వరుసలో చివరకు నెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం చద్దన్నం ముద్ద చేతిలో పట్టుకునే ఆమె దిబ్బ మీద కునికింది. కలలో ముఖమంతా మసి అయిన ఒక ముత్తయిదువ ఎదురుగా కూర్చుని కనిపించింది. ఆమె నెత్తిన మంట మండుతున్నది. "నెత్తిన ఉత్త నిప్పు మోస్తున్నానే బుల్లెమ్మా. కుండెప్పుడు ఎక్కిస్తావు?" అని అడిగి మాయమైంది.

బుల్లెమ్మ ఉలిక్కిపడి లేచింది. చేతిలోని ముద్ద ఇసుకలో పడింది. దిగువపేట పొగ వంక ఈసారి పరీక్షగా చూసింది. వంట పొగ పూటకోసారి లేచి అణుగుతుంది. ఇది తెల్లవారినప్పటినుంచీ ఆగకుండా, పచ్చి కొబ్బరి పీచు డొక్కలు తగలేసినట్టు నల్లగా లేస్తున్నది. దించని వంట ఎక్కడైనా ఉంటుందా?

"వంట కాదురా కొల్లయ్యా! పిలుత్తన్నారు!"

దోనెలో బియ్యం వేశారు. కొత్త కుండను బుల్లెమ్మ ఒళ్లో పెట్టుకుంది. నీటివడికి దోనె తిరిగిపోతుంటే కొల్లయ్య తెడ్డుతో పెనుగులాడాడు. నడిపాయలో ఆమె కుండ పట్టుకునే లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"వరహాలూ! కుండెక్కిందా?"

మళ్లీ అరిచింది. కాసేపటికి పొగ వెనుకనుంచి సన్నని గొంతు వినిపించింది.

"కుండేదమ్మా?"

బుల్లెమ్మ దోనెలో కూలబడి భోరుమంది. కూతురు బతికే ఉన్నది. అంతకంటే ఆమెకు కావలసింది ఏమీ లేకపోయింది.

దిగువపేటలో అందరూ ప్రాణాలతోనే ఉన్నారు. రాలిన కాయల నీళ్లు తాగి, కొబ్బరి నమిలి రోజులు నెట్టుకొస్తున్నారు. ఉప్పెన కోసుకుపోయిన ఇసుకలో మూడు రాళ్లు బయటపడితే వాటిని చేర్చి, అందులో డొక్కలు కాలుస్తూ కూర్చున్నారు. నిలబడలేక నిలబడిన వరహాలు తల్లిని చూసి నవ్వింది.

"పొగెడితే వంటనుకున్నావా అమ్మా? వంటయితే నిన్ను బోయనానికి పిలవనా?"

బుల్లెమ్మ కూతుర్ని కావలించుకుని, ఆ రాళ్ల మీదనే కుండెక్కించింది. అన్నం ఉడికి గంజి పొంగింది. ఎడమవైపు రాతి మీదుగా కారి, మట్టి కడుక్కుపోయిన చోట కళ్లు, ముక్కు, ముక్కుపుడక కనిపించాయి. చూసినవాళ్లు గుండెలు బాదుకున్నారు. అమ్మవారి నెత్తినా నిప్పు పెట్టాం అని వణికిపోయారు. ఒక పెద్దాయన పొయ్యి ఆర్పబోతే బుల్లెమ్మ అడ్డం తిరిగింది.

"ఆర్పకండి. ఆయమ్మ నాతోటే చెప్పింది. కోపం నిప్పెట్టినందుక్కాదు, కుండెట్టనందుకు. ముందు అందరూ తినండి."

తిన్నారు. ఆ వారంలోనే వరహాలుకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మొదటి బొట్టు అమ్మవారి మసితోనే పెట్టారు.

నాటినుంచి ఈ తల్లికి పాలాభిషేకం లేదు, గంజి అభిషేకమే. నైవేద్యం ఆమె తల మీదనే ఉడుకుతుంది. పిల్లలకు మసిబొట్టు పెట్టిస్తే అన్నానికి లోటుండదని నమ్మకం.

ఏటా కార్తీకంలో జరిగే సంతర్పణకు వచ్చే భక్తులు ఒక్క సంగతి గమనించాలి. విస్తళ్లు వేసినంత మాత్రాన ఇక్కడ అన్నం వడ్డించరు. ఎగువపేట రేవులో అందరికంటే పెద్దావిడ పాయవైపు తిరిగి "వరహాలూ! కుండెక్కిందా?" అని కేకేస్తుంది. పేట నుంచి పేటకు ఆ కేక అందుకుంటూ లంక చివరికి చేరుస్తారు. చిట్టచివరి ఇంట్లో ఆ పూట ఎవరుంటే వాళ్లే వరహాలు. మీసాలున్న మొగవాడైనా సరే, తన పొయ్యి మీద కుండ చూసుకుని మరీ జవాబు చెప్పాలి. పొగ కనిపిస్తోంది కదా, వడ్డించండి అని తొందరపడే వాళ్లను చూసి లంకవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆకలైనా కాసేపు ఓపిక పట్టండి. తోటల మీదుగా ఆ జవాబు తిరిగి వస్తుంది.

"ఎక్కిందమ్మా!"

ఆ మాట చెవిన పడ్డాకే లంకంతా మొదటి ముద్ద ఎత్తుతుంది.