అద్దం వెనక పాట

నాట్యం నేర్పే రత్నావళి గారు శిష్యులతో వాదించరు. అడిగినదానికి, ఎప్పుడో తాము చూసినదొకటి చెప్పి ఊరుకుంటారు.

ఒకనాడు అభ్యాసం ముగిశాక ఇందుమతి అడిగింది: "అమ్మా, టీవీలో వచ్చే పాప్ పాటల్ని కూడా కళ అంటారా? అమ్ముకోవడానికి తీసినవే కదా?"

ఆవిడ గజ్జెలు విప్పుతూ చెప్పిన సంగతి ఇది.

తొంభైల్లో ఒక విదేశీ పాట ఊళ్ళను ఊపేసింది. కాకినాడ ఆడపిల్లలు ఆ గాయనిలాగే జడ పక్కకి వేసుకున్నారు. ఏ స్కూలు వార్షికోత్సవం చూసినా ఆ పాటకే నృత్యం. ఇంతా చేసి ఆ పాట వీడియోలో ఉన్నది ఖాళీ ఇంట్లో ఒక్క అమ్మాయి. పాడుతూ ఒక్కొక్క గది తలుపూ మూసుకుంటూ పోతుంది. కెమెరా ఆమె వెంటే నడుస్తుంది, దృశ్యం ఎక్కడా తెగదు. పోనుపోను ఆమె చెయ్యి బరువెక్కుతుంది. చివరి తలుపు మీద ఆగిపోతుంది.

మెయిన్ రోడ్డులో టీవీల కొట్టు అద్దం ముందు సాయంత్రాలు జనం మూగేవారు. బొమ్మ కనిపించేది గాని పాట బయటికి వినిపించేది కాదు. ఒకరోజు ఆ గుంపులో రత్నావళి గారికి తమ వీధి వరహాలమ్మ, ఆమె కూతురు సత్యవేణి కనిపించారు. పిల్లకి పుట్టుచెవుడు. తండ్రి చేపల వేటకని సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ మాట పిల్లకెలా చెప్పాలో తెలియక, వస్తాడులే అని సైగ చేస్తూ వరహాలమ్మ ఏడాది నెట్టుకొచ్చింది.

"దీనికేం తెలుస్తాదండీ, బొమ్మలు కదుల్తుంటే చూస్తది" అంది వరహాలమ్మ.

పాట అయిపోయింది. సత్యవేణి తల్లి గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. అరచేతిని పడవ చేసి అలల మీద ఊపింది. మెల్లగా ముంచేసింది. తర్వాత ఆ గాయనిలాగే గాలిలో తలుపులు మూసింది, ఒక్కొక్కటీ ఇంకా నెమ్మదిగా. చివరిదాని మీద చెయ్యి ఆపి, తల అడ్డంగా ఊపింది.

జనం టీవీని వదిలి పిల్లనే చూస్తున్నారు. వరహాలమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. "దీనికి తెలుసండీ... అంతా తెలుసు" అంటూ, ఏడాదిగా దాచిన ఏడుపు పిల్లని పట్టుకుని ఏడ్చింది. పిల్ల తల్లి వీపు నిమిరింది. ఆ వారమే సత్యవేణి రత్నావళి గారి దగ్గర నాట్యంలో చేరింది.

ఇందుమతి తన గజ్జెలు మూట కట్టుకుంది. తర్వాత, "ఇంతకీ ఆ పాటకి అర్థం అదేనా అమ్మా?" అంది.

"ఏమోనమ్మా. నాకు ఆ భాష రాదు. సత్యవేణికి పాటే వినపడలేదు" అన్నారు రత్నావళి గారు.